'ఇట్ కేమ్ ఫ్రమ్ ఒహాయో': దయ్యాల రచయిత సొంత కథలో దయ్యాలు తక్కువ, జోకులు ఎక్కువ

ముందే చెప్పేస్తున్నా, ఇది దయ్యాల పుస్తకం కాదు. 'గూస్‌బంప్స్' అనే పిల్లల భయం కథల సిరీస్ రాసిన అమెరికన్ రచయిత ఆర్.ఎల్. స్టైన్ తన గురించి తాను చెప్పుకున్న పుస్తకం, 1997లో స్కొలాస్టిక్ వాళ్లు వేశారు. పిల్లల కోసం రాసింది కాబట్టి సన్నగా ఉంటుంది, ఇంగ్లిష్ తేలిక, ఇంటర్ పిల్లలు డిక్షనరీ ముట్టుకోకుండానే చదివేయగలరు. భయపడదామని కొనేవాళ్లు డబ్బులు దాచుకోండి. దయ్యం కథలు రాస్తానని కూర్చున్న పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే మాత్రం కొనివ్వండి.

మా ఇంట్లో ఒకడున్నాడు. అక్క కొడుకు, హన్మకొండలో ఇంటర్ చదువుతున్నాడు, ఆడియో యాప్‌కి హారర్ సీరియల్ రాయాలని పట్టుదల. "మామా, నాకు దయ్యం ఎప్పుడూ కనిపించలేదు, మరి నేనెట్ల రాయాలె?" అని అడిగాడు, సీరియస్‌గానే. వాడి దోస్తులైతే ఆ అనుభవం కోసమని చీకటి పడ్డాక ఖిలా వరంగల్ వైపు ఫోన్లు పట్టుకుని తిరిగొచ్చారు, దోమలు కుట్టడం తప్ప ఏమీ జరగలేదు.

వాడికి నేను ఎన్ని చెప్పినా ఎక్కలేదు కానీ ఈ పుస్తకం ఎక్కింది, ఎందుకంటే స్టైన్‌కి కూడా దయ్యం ఎప్పుడూ కనిపించలేదు. 1943లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పుట్టాడు, మామూలు కుటుంబం, తొమ్మిదేళ్లప్పుడు ఇంటి అటక మీద పాత టైప్‌రైటర్ దొరికింది. అప్పటి నుంచి రాయడం వదల్లేదు, ఒక్క వేలితోనే టైప్ చేసేవాడు, వందల పుస్తకాలు అలాగే కొట్టాడు. అయితే ఆ మెషీన్ మీద మొదట రాసింది హారర్ కాదు, జోకులు. చిన్న చిన్న జోకుల పత్రికలు తయారుచేసి బడికి తీసుకెళ్లేవాడు. యూనివర్సిటీలో హాస్యపత్రికకు ఎడిటర్, అక్కడ పెట్టుకున్న పేరు 'జోవియల్ బాబ్', అంటే 'సరదా బాబ్'. ఆ పేరుతోనే తర్వాత ఎన్నో జోకుల పుస్తకాలు వచ్చాయి. ప్రపంచంలో పిల్లలందరినీ దుప్పటి ముసుగేసుకునేలా చేసిన మనిషికి జీవితంలో ఉన్న ఆశ ఒక్కటే, నవ్వించడం.

నాకు అన్నిటికంటే నచ్చింది న్యూయార్క్‌లో మొదటి ఉద్యోగాల భాగం. సినిమా, పాటల తారల గురించి కుర్రకారు పత్రికలకు ఇంటర్వ్యూలు రాసే పని, కానీ తారలెవరినీ కలవక్కర్లేదు, కూర్చుని కల్పించడమే! రోజూ ఏదో ఒకటి అల్లి ఇచ్చేయాలి, మూడ్ లేదంటే నడవదు. ఆ తర్వాత కూల్ డ్రింకుల వ్యాపార పత్రికలో పని, డబ్బాల గురించి, సిరప్ గురించి వార్తలు రాయడం. ఆ తర్వాతే స్కొలాస్టిక్‌లో పిల్లల పత్రికలు, 'బనానాస్' అనే హాస్యపత్రిక. అది ఆగిపోయింది, ఉద్యోగం కూడా పోయింది. అప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే కార్డుల మీద జోకుల దగ్గర్నుంచి పిల్లల కలరింగ్ పుస్తకాల దాకా ఏది అడిగితే అది రాశాడు. 'నాకు ఇన్‌స్పిరేషన్ రావట్లేదు' అని రోజుల తరబడి ఫోన్ చూస్తూ కూర్చునే మన పిల్లలు ఈ పేజీలు రెండుసార్లు చదవాలి. పిల్లలే కాదు, నేను కూడా.

ఇక హారర్‌లోకి వచ్చిన తీరు చూస్తే నవ్వొస్తుంది. ఒక ఎడిటర్ భోజనానికి పిలిచి, టీనేజ్ పిల్లలకి భయం నవల రాస్తావా అని అడిగింది, పేరు కూడా ఆమే ఇచ్చేసింది, 'బ్లైండ్ డేట్'. సరేనన్నాడు. టీనేజ్ హారర్ అంటే ఏమిటో తెలియక అక్కణ్నుంచి నేరుగా పుస్తకాల షాపుకు వెళ్లి, ఆ బాపతు నవలలు రాస్తున్నవాళ్లవి తెచ్చుకుని చదివాడు. ఆ నవల 1986లో వచ్చింది, బాగా అమ్ముడైంది. అప్పటికి వయసు నలభై దాటింది. 1989లో టీనేజర్ల కోసం 'ఫియర్ స్ట్రీట్' సిరీస్, 1992లో ఇంకా చిన్న పిల్లల కోసం 'గూస్‌బంప్స్'. 'గూస్‌బంప్స్' అన్న పేరు టీవీ పత్రికలో వచ్చిన ఒక ప్రకటన చూస్తుంటే తట్టిందట. మొదట్లో కొన్ని నెలలు పుస్తకాలు కదల్లేదు, తర్వాత పిల్లలే పిల్లలకు చెప్పుకున్నారు.

అంటే భయం ఎక్కడి నుంచీ రాలేదా? వచ్చింది. చిన్నప్పుడు ఆయనకు హారర్ కామిక్స్ పిచ్చి, కానీ వాళ్లమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు. కటింగ్ షాపులో ఉండేవి కాబట్టి జుట్టు పెరిగినా పెరగకపోయినా శనివారం శనివారం కటింగ్‌కి పోయేవాడు. ఇది చదివి గట్టిగా నవ్వాను, ఎందుకంటే మా తరంలో కూడా వారపత్రికల్లో క్షుద్రపూజల సీరియళ్లు చదివింది కటింగ్ షాపు బెంచీ మీదే, ఇంట్లో తెలిస్తే వీపు విమానం మోత. మన దగ్గర ఇప్పటికీ ఆ చిన్నచూపు పోలేదు. రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయం 1904లోనే వెలిసిన ఊరు హన్మకొండ, అయినా పిల్లవాడు దయ్యం కథ రాస్తున్నాడంటే "ఏం పాడుబుద్ధిరా" అనే పెద్దలు ప్రతి గల్లీలో ఉన్నారు.

ఆ పెద్దల భయానికి ఒక కారణం ఉందని కూడా ఒప్పుకోవాలి. ఉత్తర తెలంగాణలో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టారు, చంపారు. ఒంటరి ముసలమ్మ మీద 'మంత్రాలు చేస్తది' అని ఒక్క మాట పుడితే చాలు. ఇక్కడే స్టైన్ పెట్టుకున్న నియమం నాకు బాగా పట్టింది: చిన్నపిల్లలకు రాసే హారర్‌లో ఇది నిజంగా జరగదని పిల్లవాడికి తెలిసిపోవాలి, అప్పుడే హాయిగా భయపడతాడు. అందుకే భయం పక్కనే జోకు పెడతాడు. మా వాడి సీరియల్‌లో మొదట విలన్ ఊరి చివర ఉండే మంత్రగత్తె ముసలమ్మ. దీని గురించి మాట్లాడుకున్నాక వాడే మార్చేశాడు, ఇప్పుడు విలన్ హాస్టల్‌లో వాటర్ ఫిల్టర్. నిజం చెప్పాలంటే ఫిల్టరే ఎక్కువ భయంగా ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ప్రతి పేరాలో జోకు పెట్టాలన్న ఆరాటం, కొన్నిచోట్ల విసుగొస్తుంది. ఉద్యోగం పోయిన కష్టం లాంటిది వచ్చినప్పుడు కూడా రెండు నవ్వులతో దాటేస్తాడు, అక్కడ ఇంకొంచెం ఆగితే బాగుండేది. 1950ల నాటి అమెరికన్ రేడియో, టీవీ ప్రోగ్రాముల పేర్లు మనకు తలకెక్కవు, వదిలేసి ముందుకు పోవచ్చు. రాయడం ఎలా అని పాఠం చెప్పినట్టు కూడా ఉండదు, ఏరుకోవాలి. ఏరుకుంటే దొరికేవి గట్టివే. చిన్నప్పుడు రాత్రి తమ్ముడికి కథ చెప్తూ మంచి పట్టుమీద ఆపేసి పడుకునేవాడట, తర్వాత ప్రతి అధ్యాయాన్నీ అలాగే ముగించాడు. ఇంకోటి, ఆయన పద్ధతిలో ముందు పేరు, తర్వాత ముగింపుతో సహా అధ్యాయాల వారీగా మొత్తం ప్లాన్, ఆ తర్వాతే రాత. మా వాడు మూడో ఎపిసోడ్ దగ్గర ఆగిపోయింది సరిగ్గా ఇది లేకనే.

కొనడం గురించి. నేను ఆన్‌లైన్‌లో పాత పుస్తకాలు అమ్మే ఒకాయన దగ్గర తీసుకున్నాను, 'గుడ్ కండిషన్' అన్నాడు, తెరిచేసరికి ఫోటోల పేజీలు ఊడి చేతిలోకొచ్చాయి. వాపస్ అంటే కుదరదన్నాడు. కాబట్టి డబ్బు కట్టే ముందు లోపలి పేజీల ఫోటోలు కూడా అడగండి. ముద్రణ సంవత్సరం కూడా చూసుకోండి, 1997 నాటి పాత ముద్రణలో కథ గూస్‌బంప్స్ జోరు మీద ఉన్నప్పుడే ఆగిపోతుంది, తర్వాత వచ్చిన ముద్రణలో కొత్త సంగతులు కలిపారు. పిల్లల కోసమైతే కొత్తదే తీసుకోండి. నా లెక్కలో 5కి 4, ఆ ఒక్క మార్కు తగ్గించింది జోకుల కోసమే.