నీల్ ద్వీపంలో సైకిల్‌తో మూడు రాత్రులు: ఒక వక్కతోటలోని గుడారాల బస

అండమాన్‌లోని నీల్ ద్వీపానికి 2018 డిసెంబరులో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు గాని, ఫెర్రీ టికెట్ల వరుసలో నిలబడ్డవారు ఇప్పటికీ నీల్ అనే అంటున్నారు. విశాఖపట్నంలో ఓడ ఎక్కించిన నా సైకిల్‌ను పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) దించుకుని, మర్నాడు ప్రభుత్వ ఫెర్రీలో సుమారు రెండు గంటలు ప్రయాణించి జనవరి నెలలో ఈ ద్వీపానికి చేరాను. రేవులో సామాను ఎత్తేచోట ఒక పెద్దాయన నా సంచుల మీది తెలుగు అక్షరాలు చూసి "ఏ ఊరు బాబూ మీది?" అని పలకరించారు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక అందులో ఆశ్చర్యం లేదు.

ద్వీపం చాలా చిన్నది. ఓడ ఆగే భరత్‌పూర్ నుంచి తూర్పు కొసన ఉన్న సీతాపూర్‌కు దాదాపు 5 కిలోమీటర్లే, దారి అంతా ఇంచుమించు సమతలమే. కాబట్టి సైకిల్‌పై వచ్చినవాడికి దూరం సమస్య కాదు, పడక సమస్య. తీరం వెంబడి మనసైన చోట గుడారం వేసుకోవడానికి అనుమతి కావాలి. అందుకే ఒక బెంగాలీ రైతు కుటుంబం తమ వక్కతోటలో నడుపుతున్న గుడారాల బసను ఎంచుకున్నాను. ఈ సమీక్షలో మంచితో పాటు లోపాలూ ఉన్నాయి గనుక దాని పేరు రాయడం లేదు.

వాళ్ళిచ్చే గుడారం అద్దె రోజుకు 900 రూపాయలు, సొంత గుడారం వేసుకుంటే నేలకు 300. నేను మొదటి రాత్రి వాళ్ళ గుడారం తీసుకున్నాను, అది పొరపాటు. ఒకే పొర గుడ్డ, గాలి ఆడే కిటికీ ఒక్కటే. తెల్లవారేసరికి నా ఊపిరి తేమంతా లోపలి గోడలకు పట్టి బొట్లుబొట్లుగా మొహం మీద పడింది. అర్ధరాత్రి పది నిమిషాలు కురిసిన వాన కుట్ల వెంట లోపలికి దిగి పరుపు ఒక అంచు తడిపింది. అడిగితే ఇంటాయన "జనవరిలో వాన రాదు దాదా" అన్నారు, వచ్చిన వాన సంగతి మాత్రం ఎత్తలేదు.

రెండో రోజు నా సొంత గుడారం విప్పాక కథ మారింది. వదులుగా ఉన్న ఇసుకనేలలో మేకులు నిలవవు, చిన్న గాలికే ఊడివస్తాయి. అది చూసి ఆ ఇంటి కుర్రవాడు నాలుగు కొబ్బరి డొక్కలు తెచ్చి, ఒక్కొక్కదానికి నడుమున తాడు కట్టి, మోచేతి లోతు గుంటలో అడ్డంగా పాతి, పైన ఇసుక తొక్కి బిగించాడు. ఆ రాత్రి సముద్రపు గాలి బాగానే వీచింది గాని ఒక్క తాడు కూడా సడలలేదు. గుడారాన్ని కొబ్బరిచెట్ల కింది నీడ నుంచి తప్పించి వక్కచెట్ల వైపు జరిపించినది కూడా అతడే. ఎండుమట్టలు, కాయలు ఎప్పుడు రాలతాయో చెప్పలేం కదా.

ఈ బసలో నాకు అన్నిటికన్నా నచ్చింది బావి. ఉప్పుగాలి చైన్‌ను ఒక్క రాత్రిలో ఎర్రగా మార్చేస్తుంది. చేదతో నీళ్ళు తోడి సైకిల్‌పై మెల్లగా పోసి, పాతగుడ్డతో తుడిచి, నూనె చుక్కలు వేసుకోవడానికి కావలసినంత మంచినీరు, ఎవరూ తొందరపెట్టని చోటు ఉన్నాయి. గదుల హోటళ్ళలో సైకిల్ కడుగుతామంటే ఎంత చిన్నచూపు చూస్తారో తిరిగినవారికి తెలుసు.

భోజనం సాధారణం: అన్నం, పప్పు, తోటలో కోసిన వంకాయ, అడిగితే చేప. ఈ ద్వీపం కూరగాయల సాగుకు పేరున్నది కాబట్టి వంకాయ రుచి గురించి ఫిర్యాదు లేదు.

చీకటి విషయం ముందే తెలుసుకుని వెళ్ళాలి. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, నీల్ ద్వీపమేమో దానికి బాగా తూర్పున 93 డిగ్రీల దగ్గర ఉంది, అక్కడ పొద్దు ముందే గుంకుతుంది. అందువల్ల జనవరిలో సాయంత్రం అయిదున్నర దాటితే లైటు లేనిదే గుడారం మేకు కూడా కనిపించదు. తోటలో ఉన్న బల్బు ఒక్కటీ వంటింటి దగ్గర ఉంది, మరుగుదొడ్డికి 40 అడుగులు చీకట్లో నడవాలి. అక్కడ ఇంకో దీపం పెట్టమని చెప్పాను, నవ్వి ఊరుకున్నారు. ఇసుక ఈగలు కుట్టిన చోట మూడు రోజుల పాటు దురద పోదు. తెల్లవారకముందు, సంధ్యవేళ కాళ్ళకు కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటే కొంత మేలు.

లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ శిలావంతెన చూడాలనుకుంటే సైకిల్‌ను దారి చివరే వదిలి, సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ నడిచి వెళ్ళాలి. ఆ వేళలు ఇంటాయనకు నోటికి వచ్చు, ఫోనులో వెతకనక్కరలేదు. నీళ్ళ గుంటల్లోని పగడాలను తొక్కకండి, ఏరుకోకండి, తీసుకెళ్ళడం నేరం.

సొంత గుడారం ఉన్న సైకిల్ యాత్రికుడికి 300 రూపాయల నేల, ఆ బావి కలిసి ఐదుకు నాలుగు మార్కులు. 900 రూపాయల గుడారానికి నేను ఒకటే ఇస్తాను, అది కూడా డొక్కలు పాతిన కుర్రవాడి కోసం.