రబ్బరు తాడులో ప్రతిబలం: పాత మందమా, సాగిన మందమా?

చెన్నై వేళచ్చేరిలో మా బాల్కనీలో 4 మిల్లీమీటర్ల మందమున్న గుండ్రటి రబ్బరు తాడుకు 2 లీటర్ల నీళ్ల సీసా వేలాడదీశాం. ఊపు ఆగాక చూస్తే తాడు రెట్టింపు పొడవైంది. భారం 19.6 న్యూటన్లు (ఖాళీ సీసా బరువు వదిలేశాం).

మా అక్క కొడుకు దాన్ని తాడు మొదటి అడ్డుకోత వైశాల్యం 12.57 చదరపు మిల్లీమీటర్లతో భాగించి, ప్రతిబలం (ఒక్కో చదరపు మిల్లీమీటరు మోసే భారం) 1.56 మెగాపాస్కల్ అన్నాడు. ఉక్కు తీగకైతే నేనూ అంతే చేస్తాను. అది సాగేది వెంట్రుకవాసి. రబ్బరు అలా కాదు. ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి, పొడవు రెట్టింపైతే వైశాల్యం సగమవుతుంది. పదార్థం నిజంగా మోస్తున్నది 3.12.

"అయితే నాది తప్పా, మామయ్యా?" అన్నాడు. కాదు. రబ్బరు తెగే బలాన్ని సాధారణంగా మొదటి వైశాల్యంతోనే లెక్కగట్టి ప్రకటిస్తారు. దానితో పోల్చడానికి వాడి అంకే కావాలి.