రెండు ఓఎస్‌లు, మూడు డ్రైవ్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తా. డెస్క్‌టాప్‌లో ఇంకో డ్రైవ్ పెట్టుకునే వీలుంటే విండోస్, లినక్స్ అనే రెండు ఓఎస్‌లనీ (ఆపరేటింగ్ సిస్టమ్‌లనీ) ఒకే డ్రైవ్‌లో కాపురం పెట్టించకండి. 2022లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) 22.04 వచ్చినప్పుడు బెంగళూరు మారతహళ్ళిలోని మా ఫ్లాట్‌లో ఉన్న డెస్క్‌టాప్‌ను ఇలా సర్దుకున్నా, ఆ తర్వాత ఉబుంటు 24.04కి మారింది, విండోస్ 10 పోయి 11 వచ్చింది, అయినా ఒకదాని వల్ల ఇంకొకటి బూట్ కాకుండా పోయిన రోజు లేదు.

నా దగ్గరున్నవి ఇవీ: 500 జీబీ ఎన్‌వీఎంఈలో (మదర్‌బోర్డుకే బిగించే చిన్న ఎస్‌ఎస్‌డీ) విండోస్, 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలో (కేబుల్‌తో కలిపేది) ఉబుంటు, రెండింటికీ ఉమ్మడిగా 2 టీబీ హార్డ్ డిస్క్. ఎస్‌ఎస్‌డీ ఎస్పీ రోడ్‌లో కొన్నా. మీరూ అక్కడికి వెళ్తే సాటా కేబుల్ విడిగా అడిగి తీసుకోండి, డ్రైవ్ డబ్బాలో మామూలుగా రాదు, ఇంటికొచ్చాక చూసుకుంటే ఆ ట్రాఫిక్‌లో మళ్ళీ వెళ్ళాలి. బ్రాకెట్ దొరక్కపోయినా పర్లేదు, ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలేం ఉండవు కదా, నాది ఇప్పటికీ డబుల్ సైడ్ టేప్‌తో క్యాబినెట్ గోడకే అంటుకుని ఉంది.

అసలు విషయం ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్ (డ్రైవ్‌లో విడగొట్టిన భాగం) దగ్గరుంది. బూట్ ఫైళ్ళు ఉండేది అందులోనే. విండోస్ దాన్ని మామూలుగా 100 ఎంబీ సైజులో చేసుకుంటుంది. 22.04 దాకా ఉన్న ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి ఒక పాత రోగం ఉంది, బూట్‌లోడర్‌ను (ఓఎస్‌ను లేపే ప్రోగ్రామ్) ఫలానా డ్రైవ్‌లో వేయమని మనం ఎంచుకున్నా, ముందు కనపడిన ఈఎస్‌పీలోనే, అంటే చాలాసార్లు విండోస్ డ్రైవ్‌లోనే వేసేస్తుంది. పైకి అంతా బాగానే నడుస్తుంది కానీ రేపెప్పుడో విండోస్ డ్రైవ్ పీకినా, ఫార్మాట్ కొట్టినా లినక్స్ కూడా లేవదు. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డ్రైవ్‌ను బయటికి తీసేయడమే మంచిది. నాది గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కుని ఉంది, కార్డు పీకి, ఆ ఆవగింజంత స్క్రూ విప్పి, డ్రైవ్ తీసి పక్కన పెట్టా. విసుగు పనే, కానీ ఒక్కసారితో పోతుంది. పైగా తప్పు డ్రైవ్‌ను చెరిపేస్తామేమో అన్న టెన్షన్ కూడా ఉండదు, ఎందుకంటే రెండు 500 జీబీ డ్రైవ్‌లూ ఇన్‌స్టాలర్‌లో ఇంచుమించు ఒకే సైజులో కనపడతాయి.

ఉబుంటు డ్రైవ్‌లో 512 ఎంబీ ఈఎస్‌పీ, మిగతాదంతా ఒకటే రూట్ (లినక్స్ మొత్తం ఉండే పార్టిషన్), ఎక్స్‌టీ4 (లినక్స్ ఫైళ్ళు సర్దుకునే పద్ధతి). హోమ్ (మన ఫైళ్ళు ఉండే ఫోల్డర్) విడిగా పెట్టమని చాలామంది చెప్తారు, నాకైతే అది నచ్చదు. ఆఫీసు పనికి డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో నడిపేది) వాడతా, అది తన ఇమేజ్‌లన్నీ (ప్రోగ్రామ్‌ల కట్టలు, బొమ్మలు కాదు) రూట్‌లోని వార్ ఫోల్డర్‌లో పోగేస్తుంది, విడిగా పెట్టి ఉంటే హోమ్‌లో వంద జీబీ ఖాళీగా ఉండి రూట్ నిండిపోయేది. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే జాగా) ఫైల్ చాలు, ఉబుంటు దాన్ని తనే చేసుకుంటుంది.

గ్రబ్ (ఉబుంటు బూట్‌లోడర్) మెనూ జోలికి కూడా నేను పోలేదు. మా ఆవిడకు విండోస్ ఒక్కటే కావాలి, పవర్ బటన్ నొక్కితే అదే రావాలి. నాకు ఉబుంటు కావాలంటే ఆన్ చేసేటప్పుడు ఎఫ్11 కొడతా, మదర్‌బోర్డే ఏ డ్రైవ్ అని అడుగుతుంది. విండోస్ అప్‌డేట్ మధ్యలో రెండు మూడుసార్లు రీస్టార్ట్ అయినా దారి తప్పి లినక్స్‌లోకి రాదు, ఈ సుఖం వాడితే గానీ తెలీదు. గ్రబ్‌లోనే రెండూ కావాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, 2.06 వెర్షన్ నుంచి ఓఎస్ ప్రోబర్ (వేరే ఓఎస్‌లను వెతికే ప్రోగ్రామ్) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, విండోస్ కనపడకపోతే కారణం అదే కావచ్చు.

ఇక తలనొప్పంతా ఉమ్మడి డ్రైవ్‌తోనే. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్ళు సర్దుకునే పద్ధతి) కాబట్టి రెండూ చదువుతాయి, రాస్తాయి. కానీ విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అప్పుడు లినక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే ఇస్తుంది, లేదా అసలు తెరవదు. ముందు దాన్ని ఆఫ్ చేయండి. ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటు టప్పున పోయినప్పుడు ఇంకో గొడవ, ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద డర్టీ (సరిగ్గా మూయలేదు) అన్న ముద్ర పడుతుంది, లినక్స్‌లోని కొత్త ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ దాన్ని మౌంట్ చేయనని (తెరవనని) మొండికేస్తుంది, విండోస్‌లోకి వెళ్ళి చెక్‌డిస్క్ కొట్టి రావాల్సిందే. ఎక్స్‌టీ4 అయితే అదే కరెంటు కోతకి జర్నల్ (తన మార్పుల చిట్టా) చూసుకుని తనే సర్దుకుంటుంది. కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో సినిమాలు, ఫోటోలు, పీడీఎఫ్‌లు వరకే, కోడ్ వద్దు, లినక్స్ స్టీమ్ ఆటలు అసలే వద్దు. నేను హార్డ్ డిస్క్‌లో సగం ఎక్స్‌టీ4కి ఇచ్చేశా. అందులో 5 శాతం రూట్ యూజర్ (లినక్స్ అడ్మిన్) కోసమని పక్కన పెట్టేస్తుంది, ఒక టీబీకి దాదాపు 50 జీబీ, డేటా డిస్క్‌కి అది దండగ, ట్యూన్‌2ఎఫ్‌ఎస్ అనే కమాండ్‌తో సున్నా చేసుకోవచ్చు.

ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు తెరవాల్సిన డ్రైవ్‌ల జాబితా) ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని డ్రైవ్ పేర్లు రాయకండి, ఆ పేర్లు బూట్‌కి బూట్‌కి మారిపోవచ్చు, యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే మారని గుర్తు) వాడండి. ఉమ్మడి డ్రైవ్ పక్కన నోఫెయిల్ అని కూడా పెట్టండి, లేకపోతే కేబుల్ కాస్త వదులైనా ఉబుంటు నిమిషంన్నర ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. గడియారం అయిదున్నర గంటలు అటూ ఇటూ అవుతుంటే బ్యాటరీ మార్చక్కర్లేదు, బోర్డు టైమ్‌ను లినక్స్ యూటీసీ (అంతర్జాతీయ టైమ్) అనుకుంటుంది, విండోస్ మన టైమ్ అనుకుంటుంది, లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఒక్క కమాండ్‌తో పోతుంది.

డ్రైవ్‌లు వేరైనా అన్నీ తప్పించుకోలేం. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉన్న చాలా డ్యుయల్ బూట్ మెషీన్లలో లినక్స్‌ను ఆపేసింది, ఆ మార్పు మదర్‌బోర్డులో పడుతుంది, డ్రైవ్‌లో కాదు. నాది ఆఫ్‌లో ఉంది కాబట్టి బతికిపోయా. బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) ఉంటే బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్) వేలు పెట్టే ముందే రికవరీ కీ రాసి పెట్టుకోండి.

ల్యాప్‌టాప్‌లో ఒకటే స్లాట్ ఉన్నవాళ్ళకి ఇదంతా కుదరదు. మా టీమ్‌లోని అనంతపురం తమ్ముడు "అన్నా, ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనపడట్లేదు" అని వచ్చాడు, చూస్తే బయోస్‌లో ఇంటెల్ వీఎండీ (డ్రైవ్‌లను నడిపే తీరుకు సంబంధించిన సెట్టింగ్) ఆన్‌లో ఉంది. దాన్ని ఆఫ్ చేస్తే డిస్క్ కనపడుతుంది, కానీ అంతకంటే ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి రావాలి, లేకపోతే అది నీలం తెర దగ్గరే ఆగిపోతుంది.