ఎండాకాలంలో రాజస్థాన్‌కి క్యారవాన్ బుక్ చేసుకునేవాళ్ళూ, అడ్వాన్స్ కొట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఈ సెలవులకి పిల్లల్ని తీసుకుని రాజస్థాన్ ఎడారిని క్యారవాన్‌లో, అంటే లోపలే పడుకుని వండుకునే బండిలో, చుట్టి వద్దాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. పోయిన మే నెలలో మేం ఆ పని చేసి లక్ష దాకా వదిలించుకున్నాం, పైగా మా అమ్మకి జైసల్మేర్‌లో ఒక పూట సెలైన్ పెట్టించాం. కేసు నడుస్తోంది కాబట్టి బండి ఇచ్చినవాళ్ళ పేరు రాయను, మెసేజ్ పెట్టి అడగొద్దు. ఆ పేరు కాకపోతే ఇంకో పేరుతో ఇలాంటి బండ్లే తిరుగుతున్నాయి, ఏం చూసుకోవాలో మాత్రం చెప్తా.

ముందు మా తప్పు ఒప్పుకుంటా. ఆఫ్ సీజన్ అని రోజుకి 20 వేల బండి 14 వేలకే ఇస్తామన్నారు. ఆఫ్ సీజన్ ఎందుకైందో ఆలోచించలేదు. ఆ ఎడారికి జనం అక్టోబరు నుంచి మార్చి దాకా వెళ్తారు, మే నెలలో అక్కడ టెంట్లు వేసేవాళ్ళు కూడా చాలామంది మూసేసుకుంటారు. మా ఆఫీసులో ఒకాయన "ఈ ఎండల్లో ఎందుకన్నా" అంటే నేను నవ్వి, "మాది నెల్లూరయ్యా, రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ట్రంకు రోడ్డు మీద స్కూటర్ తోలినోళ్ళం, మాకు ఎండ కొత్తా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ మా ఆవిడ పది మందిలో గుర్తు చేస్తూ ఉంటుంది.

నేను, ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ, మా బామ్మర్ది, ఆరుగురం. చెన్నై వెళ్ళి జైపూర్‌కి ఫ్లైట్ ఎక్కాం, జైపూర్‌లో బండి తీసుకుని జోధ్‌పూర్, పోఖ్రాన్, జైసల్మేర్, తనోట్ చూసి మళ్ళీ జైపూర్ రావాలి, ఆరు రోజులు. అడ్వాన్స్ 40 వేలు, డిపాజిట్ 25 వేలు యూపీఐలో కొట్టాం. వాళ్ళు పంపిన ఫొటోల్లో తళతళలాడే తెల్ల బండి, లోపల బెడ్డు, చిన్న వంటిల్లు, బాత్రూమ్, పైన ఏసీ, "24 గంటలూ ఏసీ" అని ఫొటో మీదే రాసి ఉంది.

జైపూర్‌లో మా ముందుకొచ్చిన బండి వేరు. అదే మోడల్, అదే రంగు, కానీ సీట్ల రెగ్జిన్ చిరిగిపోయి లోపలి స్పాంజి కనిపిస్తోంది, బాత్రూమ్ తలుపు మూసుకోదు. ఫొటోలో బండి సర్వీసుకి వెళ్ళిందట. ఎనిమిది గంటలు ప్రయాణం చేసి దిగాం, పిల్లలు అప్పటికే ఎక్కి పడుకున్నారు, సరేలే అనుకున్నాం. అక్కడే వెనక్కి తిరిగి ఉంటే డబ్బులే పోయేవి.

ఇంకోటి, నంబర్ ప్లేటు తెల్లది. అద్దెకి తిప్పే బండికి డ్రైవర్‌తో ఇస్తే పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు ఉండాలి, మనమే నడుపుకునేదైతే నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల బోర్డంటే సొంత వాడకం బండి. ఇదేంటని అడిగితే బండి అప్పగించిన కుర్రాడు ఏ మాత్రం తడుముకోకుండా "ఎవరైనా ఆపితే మా చుట్టాలని చెప్పండి" అన్నాడు. నెల్లూరు వాళ్ళకి జైపూర్ మార్వాడీలు చుట్టాలంట, మా అమ్మ పగలబడి నవ్వింది. నవ్వు సంగతి అలా ఉంచి, సొంత వాడకం బండిని అద్దెకి తిప్పుతుండగా ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్‌కి అడ్డం తిరుగుతారు. బుక్ చేసే ముందు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పర్మిట్ కాగితాల ఫొటోలు అడగండి. ఇవ్వకపోతే ఆ బండి వద్దు.

ఇప్పుడు అసలు విషయం, ఏసీ. ఈ బండ్లలో ఏసీలు రెండు. ముందు డ్రైవర్ దగ్గర ఉండేది ఇంజను మీద నడుస్తుంది, మనం పడుకునే చోట పైకప్పు మీద ఉండేది ఇంట్లో ఏసీ లాంటిది, దానికి 230 వోల్టుల కరెంటు కావాలి. బండి ఆపాక ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది నేను అడగని ప్రశ్న. మా బామ్మర్దికి కావలిలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపుంది. వాడు మొదటి రాత్రి జోధ్‌పూర్ దగ్గర సీటు కింద మూత తీసి చూసి, "బావా, ఇక్కడున్నది ఒకటే బ్యాటరీ, మన ఇళ్ళల్లో ఇన్వర్టర్‌కి పెట్టుకునేదే" అన్నాడు. 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). రెండూ గుణిస్తే 1,800 వాట్ అవర్లు, వెయ్యికి ఒక యూనిట్, అంటే కరెంటు బిల్లు లెక్కలో ఒకటీ ముప్పావు యూనిట్ చిల్లర. ఆ రకం బ్యాటరీని సగానికి మించి దించితే తొందరగా పాడవుతుంది కాబట్టి చేతికొచ్చేది ఒక యూనిట్ లోపే. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ ఆగకుండా తిరిగితే గంటకి యూనిట్ పైనే లాగుతుంది. అంటే ముప్పావు గంట. 24 గంటల ఏసీ అసలు లెక్క అదీ.

పైన రెండు సోలార్ పలకలు ఉన్నాయిగా అని నేనన్నా. రెండూ కలిపి 320 వాట్లు. ఎడారి కదా ఎండ దంచుతుంది, కరెంటు బాగా వస్తుందనుకుంటాం, కానీ పలక వేడెక్కే కొద్దీ దాని ఉత్పత్తి పడిపోతుంది, 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా పోతుందని వాడు చెప్పాడు. ఆ ఎండలో పలక 65 డిగ్రీలకి కాలితే ఆరో వంతు అక్కడే ఆవిరి. రోజంతా కాసిన ఎండ మొత్తం పోగేసినా ఏసీ గంట నడిస్తే గొప్ప.

ఇక మిగిలింది వెనక డిక్కీలో ఉన్న పెట్రోల్ జనరేటర్. అది రోజుకి నాలుగు గంటలే ఉచితం, ఆ పైన గంటకి 500, పెట్రోల్ మనదే. ఇది నాకు బండి తీసుకునేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితం వెనక వైపు, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పోనీ 500 పోయినా వేద్దామంటే దాని పొగ నేరుగా వెనక కిటికీలోంచి లోపలికి కొడుతోంది. అరగంటకే చిన్నోడు తలనొప్పి అన్నాడు, వెంటనే ఆపించేశా. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ ఉండదు వాసనా ఉండదు, నిద్రలో ఉన్న మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. జనరేటర్ వేసుకుని బండిలో పడుకోవచ్చని ఎవరన్నా చెబితే పొగ గొట్టం ఎటు తిరిగి ఉందో వంగి చూడండి.

మర్నాడు పొద్దున బామ్మర్దికి ఇంకో అనుమానం వచ్చింది. గోడ పలకకి ఒక స్క్రూ వదులుగా ఉంటే అది తీసి, ప్లైవుడ్ కాస్త పక్కకి లాగి, ఫోన్ లైట్ వేసి చూపించాడు. లోపల ఏమీ లేదు. ప్లైవుడ్, దాని వెనక ఖాళీ, దాని వెనక బండి రేకు. ధర్మోకోల్ ముక్క కూడా లేదు. "బావా, ఇది రేకుల షెడ్డు, దీనికి ఏసీ పెట్టారు" అన్నాడు. ఏడున్నరకి ఆ రేకు మీద చెయ్యి పెట్టి అర నిమిషం ఉంచలేకపోయా. ముందు రోజు జనరేటర్ మీద ఏసీ పూర్తిగా పెట్టినా లోపల మేం పెట్టుకున్న థర్మామీటర్‌లో 35 డిగ్రీల కంటే దిగలేదు. మీరు బండి చూడటానికి వెళ్తే వేళ్ళతో గోడ మీద కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అడగండి లోపల ఏం నింపారని.

రెండో రోజు పోఖ్రాన్ దాటాక పదకొండున్నరకి వెనక టైరు పేలింది. ఆ ప్రాంతంలోనే ఫలోదీ అని ఊరు, 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది, మన దేశంలో రికార్డు అదే. మేం వెళ్ళిన రోజు అంత లేదు గానీ, వేడి గాలి మొహానికి కొడుతుంటే పొయ్యి ముందు కూర్చుని ఊదుతున్నట్టే ఉంది. దాన్ని అక్కడ లూ అంటారు. టైరు గీతలు బాగానే ఉన్నాయి, అందుకే నేను ముందు రోజు చూసి కూడా పట్టించుకోలేదు. పక్క గోడ మీద సన్నటి పగుళ్ళు, నాలుగంకెల ముద్ర 1118. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, అంటే 2018లో పదకొండో వారం తయారైన టైరు. స్టెప్నీ ఇంకా పాతది, 4316, అందులో గాలి కూడా లేదు. ఐదారేళ్ళు దాటిన టైరుతో ఆ రోడ్డు మీద, నూరు లీటర్ల నీళ్ళ ట్యాంకు బరువుతో, అదీ మిట్టమధ్యాహ్నం. టైరు ముద్ర చదవడానికి పది సెకన్లు పడుతుంది, నేను చదవలేదు.

డ్రైవర్‌ని ఏమీ అనను. పాపం అతనూ మాతోపాటే మాడాడు, ఓనర్‌కి ఇరవైసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. లారీ ఆపి పోఖ్రాన్ వెళ్ళి గాలి కొట్టించుకుని వచ్చేసరికి రెండున్నర గంటలు. అంతసేపూ రోడ్డు పక్కన ఒక చెట్టు కింద కూర్చున్నాం. అక్కడ దాన్ని ఖేజ్రీ అంటారు, చూస్తే మన జమ్మి చెట్టే. దసరాకి ఆకులు పంచుకునే చెట్టు, నీడ మాత్రం జల్లెడలో పట్టినట్టు ఉంటుంది. గొర్రెలు తోలుకెళ్ళే పెద్దాయన కుండలో నీళ్ళిచ్చాడు. మా బండి ట్యాంకులో నీళ్ళు అప్పటికి కాఫీ కలుపుకోవచ్చు.

అప్పుడు అమ్మ అన్న మాట చెప్పాలి. "అబ్బయ్యా, నాకు చెమటే పట్టట్లా, మన ఊరి కంటే ఇక్కడే నయం" అంది. నిజంగానే నాకూ చొక్కా తడవలేదు. మన దగ్గర సముద్రపు గాలికి చెమట ఒంటి మీదే కారుతుంటుంది, చిరాకేసి నీళ్ళు తాగుతాం. అక్కడ పొడి గాలి, చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్ళు పోతున్న సంగతే తెలియదు. గంట తర్వాత అమ్మ లేచి నిలబడబోయి తూలింది, మాట తేడాగా వచ్చింది. తడి చీర కప్పి, ఓఆర్‌ఎస్ తాగిస్తూ, దారిన పోయే జీపు ఆపి జైసల్మేర్ తీసుకెళ్ళాం. డాక్టరు చెప్పింది ఇదే, దాహం వేసేదాకా ఆగకూడదని. 68 ఏళ్ళ మనిషిని ఆ ఎండకి తీసుకెళ్ళింది నేనే, అది ఓనర్ మీదకి నెట్టను.

ఆ రాత్రి అమ్మా పిల్లలూ హోటల్ గదిలో. డబ్బులు కట్టాం కదా అనే కక్కుర్తితో నేనూ బామ్మర్దీ బండిలోనే పడుకున్నాం, హోటల్ వాళ్ళని అడిగి కరెంటు తీసుకున్నాం. బండితో ఇచ్చిన వైరు ముప్పై అడుగుల సన్నటి ఎక్స్‌టెన్షన్, మామూలు టేబుల్ ఫ్యానుకి వాడేది. ఏసీకి 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగ్గ లావు వైరు కావాలి. ఇరవై నిమిషాలకి కాలిన వాసన. లేచి చూస్తే ప్లగ్గు మెత్తబడి సాకెట్టులోనే ఒక పక్కకి వాలిపోయి ఉంది, మైనపు బొమ్మలాగా. ఫొటో తీసి, ఆ ప్లగ్గు ఊడదీసి సంచిలో వేసుకున్నా.

పొద్దున్నే బండి వద్దని చెప్పేశాం. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి మామూలు జీపు మాట్లాడుకుని లోంగేవాలా (1971 యుద్ధం జరిగిన చోటు), తనోట్ గుడి చూసి పదిన్నరకల్లా గదికొచ్చి పడ్డాం. జైసల్మేర్ నుంచి 120 కిలోమీటర్లు, గుడి చూసుకునేది సరిహద్దు కాపలా కాసే బీఎస్‌ఎఫ్ జవాన్లు, చాలా బాగుంది. మొత్తం ట్రిప్పులో మాకు దక్కింది ఆ ఒక్క పూటే, అదీ క్యారవాన్ లేకుండా. తిరుగు దారి రైల్లో.

డిపాజిట్ అడిగితే ఓనర్, టైరు మీరే పేల్చారు, ప్లగ్గు మీరే కాల్చారు, మధ్యలో వదిలేశారు కాబట్టి రూపాయి రాదన్నాడు. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశా, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మూడు వారాలకి 25 వేలలో 11 వేలు పడ్డాయి. మిగతాదానికి నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశా. చాలామందికి ఇది తెలియదు, 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే వేయొచ్చు, జైపూర్ తిరగక్కర్లేదు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. కాకపోతే కాగితాలు ఉండాలి. ఫొటో మీద "24 గంటలూ ఏసీ" అన్న మెసేజ్ నేను డిలీట్ చేయకపోవడం ఒక్కటే ఈ మొత్తంలో నేను చేసిన తెలివైన పని.

అయినా వెళ్తామంటే డిసెంబరులో వెళ్ళండి, లేదా ఎండాకాలమే అయితే ఓనర్‌ని ఈ ఒక్కటి వాట్సాప్‌లో రాసి ఇమ్మని అడగండి: ఇంజను, జనరేటర్ రెండూ ఆపేశాక వెనక ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది, దేని మీద. ఫోన్లో చెప్పే జవాబు వద్దు. ఇదే ప్రశ్న తర్వాత నేను ఊరికే ముగ్గురు ఓనర్లని అడిగి చూశా. ఒకాయన నిజాయితీగా గంట అన్నాడు, ఇంకొకాయన ఫోన్ పెట్టేశాడు, మూడో ఆయన "సార్, మే నెలలో మా బండి ఎడారికి పంపం" అన్నాడు. బండి తీసుకోవాల్సి వస్తే ఆ మూడో ఆయన దగ్గర తీసుకుంటా.

కమిషన్‌లో వాయిదా వచ్చే నెల. వంకర తిరిగిన ఆ ప్లగ్గు మా ఇంట్లో టీవీ పక్కనే ఉంది, మా ఆవిడ దాన్ని పారేయనివ్వడం లేదు.