చేపలు అడిగితే ముందు నీళ్ళ గురించి అడిగిన షాపు

సెలవుల్లో చేపలు కొనిస్తానని మా పాపకి మాటిచ్చాను. మొదట ఒక పెద్ద షాపుకి వెళ్తే గుండ్రటి గాజు బౌలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు, మేత డబ్బా కలిపి 900 తీసుకున్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నా చేపలు మాత్రం పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ ఉండేవి. పదో రోజుకి రెండూ పోయాయి. పాప రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ తర్వాత వెళ్ళింది హైదరాబాద్ మియాపూర్‌లో మా కాలనీ దగ్గరి చిన్న అక్వేరియం షాపుకి.

చేపలు కావాలన్నానో లేదో, "నీళ్ళు బోరువా అక్కా, మంజీరవా?" అనడిగాడు షాపాయన. మంజీరా అంటే నగరానికి కుళాయిల్లో వచ్చే నది నీళ్ళు. మాది బోరు. బకెట్ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అది వినగానే నేను చూపించిన నియాన్ టెట్రాలనే చిన్న చేపలు వద్దన్నాడు. గప్పీ, మోలీ, ప్లాటీ చేపలకి మాత్రం ఇలాంటి నీళ్ళే పడతాయట. మంజీరా అయితే క్లోరిన్ పోయే చుక్కలు వేయమనేవాడు.

గోల్డ్‌ఫిష్ సంగతీ ఆయనే చెప్పాడు. అది ఎదిగితే అరచేతి కంటే పొడవు, నీళ్ళని పాడుచేయడం కూడా ఎక్కువే. దాని మలినం చేపలకి విషమైన అమ్మోనియా అవుతుంది. ఆ అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో ఉండదు. అది కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. మా బౌలుకి ఫిల్టరే లేదు.

18 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 12 ఎత్తున్న ట్యాంకు, స్పాంజి ఫిల్టరు, గాలి పంపు తీసుకున్నాను. 30 లీటర్ల పైనే పడతాయి. డబ్బులు ఇస్తూ గప్పీలు పట్టమంటే ఒప్పుకోలేదు. "ఇయ్యాల చేపలు ఇయ్యనక్కా. ముందుగాల ఫిల్టరు నడిపియ్యి, చేపలు యాడికీ పోవు." చేతిదాకా వచ్చిన బేరం వదులుకున్నాడు! పైగా తన ట్యాంకులో నెలల తరబడి నడిచిన స్పాంజిలో ఒక ముక్క కోసి, అదే నీళ్ళతో కవర్లో కట్టి ఉచితంగా ఇచ్చాడు. గోధుమరంగు మడ్డి కారుతున్న ఆ ముక్కని చూసి పాప ముక్కు మూసుకుంది. మా ట్యాంకు మూడు వారాలకే సిద్ధమవడానికి ఆ ముక్కలోని బ్యాక్టీరియానే కారణం.

తర్వాత ఆరు గప్పీలు తెచ్చాం, అన్నీ మగవే. ఆడవి కలిస్తే నెలనెలా పిల్లలు పెడతాయి, ఈ ట్యాంకు చాలదు. పాప ఫైటర్ చేప కావాలని పట్టుబడితే, "గప్పీల తోకలు కొరుకుతది, అది ఒక్కటే ఉండాలె" అన్నాడు. అద్దాలు శుభ్రం చేస్తుందని చాలాచోట్ల అంటగట్టే సక్కర్ చేప గురించీ అడిగాను. అడుగు దాటి పెరుగుతుందని, భరించలేక జనం చెరువుల్లో వదిలేస్తే జాలరుల వలలు చింపుతోందని చెప్పి, అమ్మడం మానేశానన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఒక లోపం మాత్రం చెప్పాలి. కొత్తగా వచ్చిన చేపల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచకుండానే అమ్ముతున్నాడు. నాలుగో రోజు మా గప్పీ ఒకదాని రెక్కల మీద ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు వచ్చాయి. ఫోటో పంపితే మందు ఇచ్చాడు, చేప బతికింది. కానీ ఆ వారమంతా పాప కళ్ళలో భయమే.

బాల్కనీలో తామర తొట్టి ఉంది. దోమపిల్లలు పుట్టి పారబోయాల్సి వచ్చేది. ఆయన సలహాతో రెండు గప్పీల్ని అందులో వేశాం. తెల్లారేసరికి నీళ్ళమీద మెలికలు తిరిగే పురుగు ఒక్కటీ లేదు.

ట్యాంకు ధరలు మిగతాచోట్ల లాగే ఉన్నాయి, మొక్కలు మాత్రం కాస్త ఎక్కువ. ఆదివారం వెళ్ళకండి, రద్దీలో మాట్లాడే తీరిక ఉండదు. వారం మధ్యలో, మీ ఇంటి నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని వెళ్ళండి. అక్కడే పరీక్ష చేసి చూపిస్తాడు.