బండిని ఎక్కడ దింపుతారు? నాలుగేళ్లు వేరే రోడ్‌సైడ్ ప్లాన్ కట్టాక

కారు దారిలో ఆగిపోతే సాయం పంపే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్లాన్, ఇన్సూరెన్స్‌లో ఉన్నది కాక వేరేగా తీసుకోవాలా అని వైజాగ్‌లో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ఎవరడిగినా నేను తిరిగి ఒకటే అడుగుతాను. మీ ఇన్సూరెన్స్ కాగితంలో టోయింగ్, అంటే ఆగిన బండిని గ్యారేజీకి మోసుకెళ్లడం, ఎన్ని కిలోమీటర్లని రాశారు, ఏ గ్యారేజీ దాకా అని రాశారు? బ్యాటరీ దిగిపోతే జంప్‌స్టార్ట్, పంక్చర్, పెట్రోలు తెచ్చివ్వడం, తాళం లోపల ఉండిపోతే తలుపు తీయడం లాంటివి దాదాపు అన్నిట్లోనూ ఉంటాయి. తేడా అంతా ఆ టోయింగ్ లైన్లోనే ఉంది. నాకది పోయిన డిసెంబరులో అనంతగిరి ఘాట్ మీద తెలిసింది.

అరకు నుంచి తిరిగొస్తున్నాం. అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను. అనంతగిరి దాటి టైడా వైపు దిగుతుంటే ఒక మలుపులో క్లచ్ పెడల్ కిందకి వెళ్లి ఇక లేవలేదు. వంగి చేత్తో లాగితే పైకొచ్చింది, తొక్కితే మెత్తగా నేలకి అంటుకుపోయింది. బ్రేకు మీదే మెల్లగా దించి, రోడ్డు పక్కన కాస్త వెడల్పున్న చోట ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టాను. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ బాగా దిగిపోయి ఉంది. నా బండిలో క్లచ్‌కీ బ్రేకులకీ ఆయిల్ ఒక్క డబ్బాలోంచే వెళ్తుంది. క్లచ్ గొట్టం డబ్బాకి అడుగున కాక కాస్త పైఎత్తున తగిలించి ఉంటుంది కాబట్టి అటు కారిపోయినా బ్రేకులకి కొంత మిగులుతుందని తరవాత మా మెకానిక్ చెప్పాడు. ఆ సాయంత్రం నాకా సంగతి తెలీదు. తెలిసినా, ఆ దిగుడులో నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో మలుపు తిప్పేవాణ్ని కాదు.

ముందు ఇన్సూరెన్స్ వాళ్లకే చేశాను. పాలసీకి అదనంగా ఏటా రెండొందల చిల్లర కట్టి తీసుకున్న యాడ్-ఆన్ అది. ఫోనెత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. కానీ నా పాలసీ ప్రకారం 25 కిలోమీటర్లు, అదీ దగ్గర్లో ఉన్న గ్యారేజీకి. అంటే శృంగవరపుకోట. అక్కడ దింపేస్తే వాళ్ల పని అయిపోయినట్టే. చీకటి పడ్డాక ఆ ఊళ్లో తెలియని షెడ్డు ముందు బండి వదిలేసి, పార్టు దొరికేదాకా నేను వైజాగ్ నుంచి తిరగాలి. మూడేళ్లుగా ఆ డబ్బు కడుతూ ఆ లైను ఒక్కసారీ చదవలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

వేరే ప్లాన్ కాగితం మాత్రం డ్యాష్‌బోర్డులోనే ఉంది. 100 కిలోమీటర్ల లోపు మనం చెప్పిన గ్యారేజీకి తీసుకెళ్తామని రాసుంది. ఇల్లు ఇంకా 70 కిలోమీటర్ల పైనే. సిగ్నల్ లేదు. యాప్ తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. రెండు మలుపులు పైకి నడిస్తే ఒక గీత వచ్చింది. అవతల అబ్బాయి హిందీలో మొదలుపెట్టి, నేను తడబడితే తెలుగావిడకి కలిపాడు. పిన్‌కోడ్ చెప్పమన్నారు. ఆ చెట్ల మధ్య పిన్‌కోడ్ ఏం చెప్తాను? పక్కనున్న కిలోమీటరు రాయి మీద ఊరి పేరూ అంకెలూ చదివి చెప్పాను. అప్పుడు రాసుకుంది. ఘాట్ ఎక్కేవాళ్లు దాటిన రాళ్లని గమనించుకుంటూ వెళ్లండి, నిజంగా పనికొస్తుంది.

గంటన్నర అన్నారు. మూడు గంటలు పట్టింది. ఈలోపు విశాఖ వెళ్లే ఆర్టీసీ బస్సొస్తే చెయ్యెత్తాం, ఆపాడు. అమ్మనీ మా ఆవిడనీ ఎక్కించేశాను. నాన్న మోకాళ్లకి బస్సు మెట్లు కుదరవు. ఆయన శాలువా కప్పుకుని వెనక సీట్లో కూర్చున్నారు, నేను పార్కింగ్ లైట్లు వేసి బయట నిలబడ్డాను.

నా సంతోషమంతా ఆ వచ్చిన డ్రైవరు గురించే. పెందుర్తి నుంచి బయల్దేరాడు. కాల్ సెంటర్ వాళ్లు చెయ్యకపోయినా దారిలో తనే చేస్తూ వచ్చాడు. "కొత్తవలస దాటీసాను బాబూ, కంగారు పడకండి" అన్నాడు. నేను సిగ్నల్ దొరికే మలుపుకీ బండికీ మధ్య తిరుగుతూ ఆ మాట నాన్నకి చేరవేశాను. శృంగవరపుకోట దాటాక మళ్లీ చేశాడు. పైకొచ్చి బండిని దాటి వెళ్లి, వెడల్పైన చోట తిప్పుకుని, బండిని పైకెక్కించుకునే ఆ ఫ్లాట్‌బెడ్ లారీ వెనకభాగం మా వైపు పెట్టి ఆపాడు. ముందు తన లారీ చక్రాలకి చెక్క దిమ్మలు, తరవాతే మా బండి జోలికి. ముందు బంపరు ర్యాంపుకి తగులుతుందని రెండు పలకలు వేశాడు. బండిని పైకి లాగే వించి తీగ తగిలించి, నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, "హ్యాండ్‌బ్రేక్ నేనన్నాకే తియ్యండి" అన్నాడు. అంగుళం అంగుళంగా పైకెక్కింది. నాలుగు చక్రాలకీ బెల్టులు బిగించి, ఒక్కోదాన్నీ కాలితో తన్ని చూశాడు. అప్పుడు నాన్న వైపు తిరిగి, "తాతగారూ, నా భుజమ్మీద సెయ్యెయ్యండి" అని తన క్యాబిన్‌లోకి ఎక్కించుకున్నాడు. ఆ పని ఏ ప్లాన్ కాగితంలోనూ ఉండదు.

అర్ధరాత్రి దాటాక కంచరపాలెంలో మా మెకానిక్ షెడ్డు ముందు బండి దించాడు. ఒక్క రూపాయి అడగలేదు. నేనే టీ ఖర్చులకి ఇచ్చాను. మర్నాడు సాయంత్రానికి క్లచ్ స్లేవ్ సిలిండరు (పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపే భాగం) మార్చి బండి ఇచ్చేశారు.

ఆ వారమంతా కనబడినవాళ్లందరికీ ఈ ప్లాన్ తీసుకోమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

బండి ఆగిపోతే ముందుకెళ్లడానికి టాక్సీ ఖర్చిస్తామని ప్లాన్‌లో ఉంది. బస్సు టికెట్లకి అది వర్తించదన్నారు. అంతకంటే, ఆ ఘాట్ మీదకి టాక్సీ ఎక్కణ్నుంచి వస్తుందో వాళ్లకీ తెలీదు. ఇంకో సంగతి, ఊళ్లో ఈ ప్లాన్ నాకు పెద్దగా పనికిరాలేదు. సముద్రపు గాలికి మా వీధిలో బండ్ల బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటూనే ఉంటుంది. ఒక పొద్దున బండి కదల్లేదు. ప్లాన్ వాళ్ల మనిషి రావడానికి గంట దాటింది. తరవాత ఇంకోసారి అలాగే అయితే వీధి చివర బ్యాటరీ కొట్టు కుర్రాడికి ఫోన్ చేశాను, 15 నిమిషాల్లో వేడినీళ్లతో కడిగి, గ్రీజు రాసి, స్టార్ట్ చేసి వెళ్లాడు. పైగా మొదటి ఏడాది 1,400 రూపాయలున్న ప్లాన్ రేటు ఈసారి 2,100 అయింది, బండికి వయసు పెరిగిందని.

టోల్ హైవే సంగతి వేరు. నెలకోసారి నరసన్నపేట వెళ్తాం. ఓ రాత్రి నాతవలస టోల్‌గేట్ దాటాక టైరు పేలితే 1033కి చేశాను. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది, 24 గంటలూ ఉంటుంది, ప్లానేమీ అక్కర్లేదు. గస్తీ బండి వచ్చి వెనకాల కోన్లు పెట్టి, లైటు తిప్పుతూ నిలబడింది. పక్కనుంచి లారీలు దూసుకెళ్తుంటే ఆ కోన్ల మధ్య నేను స్థిమితంగా స్టెప్నీ మార్చుకున్నాను. అనంతగిరి దగ్గర నేనున్న మూడు గంటల్లో అలాంటి బండి ఒక్కటీ రాలేదు.

కొత్త బండైతే కంపెనీ ఇచ్చే అసిస్టెన్స్ ఇంకా నడుస్తుందేమో ముందు చూడండి, ఉంటే ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకి ఇన్సూరెన్స్‌లో ఈ యాడ్-ఆన్ మామూలుగా దొరకదు, వాళ్ల లెక్క వేరు. మా తమ్ముడు గాజువాక నుంచి స్టీల్‌ప్లాంట్ డ్యూటీకి తప్ప బండి తియ్యడు. వాడికి వద్దనే చెప్పాను. ఇన్సూరెన్స్ వాళ్లు దూరం పెంచి, మనం చెప్పిన గ్యారేజీకి అని రాసిస్తే నేనూ మానేస్తానేమో. ఈసారి అడిగాను, ఆ లైను మారలేదన్నారు. నాన్నకి చలికాలంలో ఒక్కసారైనా అరకు చూడాలని ఉంటుంది. అందుకని ఈ ఏడాదికి కట్టేశాను.