మా సందు పిండి మర, మా ఆయన లో షుగర్

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, మా సందు చివర ఒక పిండి మర ఉంది. బోర్డు లేదు. రేకుల షెడ్డు, బయట కట్టెల పొయ్యి, పొయ్యి మీద ఇనప మూకుడు. నాలుగు నెలలుగా మా ఇంటి చోడి (రాగి) పిండి అక్కడే ఆడిస్తున్నాను. షుగర్ పడిపోయే మనిషి ఇంట్లో ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఈ మర గురించి రాస్తున్నాను.

మా ఆయన కరెంటు లైన్‌మేన్. పదకొండేళ్లుగా షుగర్. ఆ మధ్య ఈదురుగాలికి తీగలు తెగాయని పొద్దున్న ఆరింటికి వెళ్లి మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చారు. మాత్ర వేసుకున్నారు, రెండు ఇడ్లీలు తిన్నారు, ఆ తర్వాత ఏమీ లేదు. అరుగు మీద కూర్చుని బూటు తాడు విప్పుకోలేకపోతున్నారు. వేళ్లు వణుకుతున్నాయి. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది, ఒళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంది. "నీళ్లు తేనా?" అంటే "ఫ్యూజు తీసేశాను" అన్నారు. నా గుండె జారిపోయింది. షుగర్ మిషన్‌తో చూస్తే 52. కంగారులో చాక్లెట్ పెట్టాను. పది నిమిషాలైనా మనిషిలో మార్పు లేదు. పక్కింట్లో ఉండే నర్సు వచ్చి గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకి 83 వచ్చింది, నన్ను పేరు పెట్టి పిలిచారు. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది, అందులో చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుందని ఆ రోజే తెలిసింది.

మర్నాడు డాక్టరు గారు ఇంట్లో వాడేవన్నీ తెచ్చి చూపించమన్నారు. చుట్టాలు చెప్పారని పొడపత్రి, కాకర, మెంతులు కలిపిన క్యాప్సూల్స్ రెండు నెలలుగా వాడుతున్నాం. డబ్బా మీద 'షుగర్ బ్యాలెన్స్' అని ఉంటే, పడిపోయినా నిలబెడుతుందని అనుకున్నాను. అవి తగ్గించే సరుకే. ఆయన వేసుకునే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని వదిలేలా చేస్తుంది, దానికి ఇవి కూడా తోడైతే షుగర్ ఇంకా కిందికి పోతుందన్నారు. క్యాప్సూల్స్ మాన్పించి, మాత్ర డోసు సగానికి తగ్గించారు. క్రోమియం మాత్రల గురించి అడిగితే, లో షుగర్‌కి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదన్నారు. డోసు తగ్గించడంతోనే మా బాధ సగం తీరింది. ఈ మాట ముందే చెప్పకపోతే పిండికి లేని గొప్ప అంటగట్టినట్టవుతుంది.

మిగతా సగం తిండి వేళలది. పదకొండింటికి, సాయంత్రం అయిదింటికి ఏదో ఒకటి కడుపులో పడాలి, అది కాసేపు నిలవాలి. అందుకే ఈ మరకి వెళ్లాను. మర దగ్గరి పెద్దావిడ చేట చూడగానే అడిగింది: "ఏటమ్మా, పిల్లలకా, షుగరోళ్లకా?" చెప్పాను. "మెత్తగా ఆడితే నోటికి బాగుంటాది గానీ కడుపులో నిలవదమ్మా. బరకగా ఆడించుకో." తర్వాత డాక్టరు గారినీ అడిగాను. మెత్తటి పిండితో కాచిన జావ తొందరగా అరిగి షుగర్‌ని ఒక్కసారిగా ఎక్కిస్తుందని, బరక మేలని ఆయన కూడా చెప్పారు.

ఆవిడ వేయించడం చూడాలి. చోళ్లు చిటపటలాడి, ఎర్ర గింజ మీద తెల్లటి పగులు కనబడగానే మూకుడు దించేస్తుంది, ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉంచదు. ఉలవలు విడిగా, సన్న సెగ మీద, పచ్చి వాసన పోయేదాకా. నా కొలత కిలో చోళ్లకి పావు కిలో ఉలవలు, పావు కిలో పుట్నాల పప్పు. వేరుశనగ గుళ్లు, నువ్వులు మాత్రం మరలో వెయ్యదు, నూనె దిగి రాయి పట్టేస్తుందట. అవి ఇంట్లో మిక్సీలో కొట్టి కలుపుకోవాలి. ఈ పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మందపాటి రొట్టె కాల్చి, రెండు ముక్కలు ఆయన బాక్సులో పెడతాను. పొద్దున్న ఇడ్లీలు మాత్రమే తిన్న రోజుల్లో పన్నెండున్నరకి 70 దగ్గరికి వచ్చేసేది. డోసు తగ్గించాక, పదకొండింటికి ఈ రొట్టె తిన్న రోజుల్లో 95 నుంచి 110 మధ్య ఉంటోంది. ఇది మా ఇంటి లెక్క మాత్రమే.

షుగర్ పడిపోయిన క్షణంలో మాత్రం ఈ రొట్టె పనికిరాదు. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, పావుగంట ఆగి మళ్లీ మిషన్, అప్పటికీ తక్కువే ఉంటే మళ్లీ 15 గ్రాములు. కుదుటపడ్డాకే రొట్టె. ఓఆర్ఎస్ కూడా సరిపోదు, లీటరుకి అందులో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యాలి. గ్లూకోజ్ పొడి పొట్లాలు రెండు ఆయన చొక్కా జేబులో, ఒకటి బండి డిక్కీలో ఉంటాయి. స్తంభం ఎక్కే ముందు మిషన్‌తో చూసుకుంటారు.

మర మీద నాకు రెండు ఫిర్యాదులున్నాయి. మన ముందు ఎవరో బియ్యం ఆడిస్తే మొదట పడే పిండి వాళ్లదే, అడిగితే గానీ దాన్ని పక్కకి తియ్యరు. మీరే అడగండి. రెండోది, వాన పడితే పొయ్యి వెలగదు, ఉత్తినే తిరిగి రావాలి. వేయించి ఆడించడానికి కిలోకి 40 రూపాయలు తీసుకుంటారు, ఆ శ్రమకి అది తక్కువే. పొద్దున్న తొమ్మిదిలోపు వెళితే రద్దీ ఉండదు. నువ్వులు, గుళ్లు కలిపాక మూడు వారాలకి మించి ఉంచకండి, కమరు వాసన వస్తుంది.

ఉలవలు మొలక కట్టి ఎండబెట్టి తెస్తే ఇంకా బాగా అరుగుతాయని మొన్న పెద్దావిడ చెప్పింది. ఒక కిలో డాబా మీద ఆరుతున్నాయి.